టెక్కలి నీలి బండకి వంటింటి గోడల రంగు ఏది నప్పుతుంది? ఫినిష్ ఏది వేయించాలి?

అరసవల్లి వాకిలి – శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. అరసవల్లి వైపు ఇల్లు కడుతున్నాం. పని చివరికొచ్చింది గానీ వంటగది దగ్గర ఎటూ తేలక ఇక్కడ అడుగుతున్నాను.

గది పది బై తొమ్మిది, ఆగ్నేయ మూల. కిటికీ తూర్పుకి ఉంది. గట్టు తూర్పు గోడ వెంట మొదలై దక్షిణం వైపు తిరుగుతుంది. దాని మీద టెక్కలి నీలి గ్రానైట్, పాలిష్ పలక వేయించాం. రాయి విషయంలో మా ఇంట్లో అందరిదీ ఒకే మాట. మన జిల్లా రాయి, చూడటానికి నిండుగా ఉంటుంది. గోడలకి లప్పం, ప్రైమర్ అయిపోయాయి. గట్టు పైన గోడకి అతికించే డాడో టైల్స్, కప్‌బోర్డుల సన్‌మైకా ఇంకా ఎంచలేదు.

చిక్కంతా రంగు దగ్గరే. అమ్మ లేత పసుపు వేయమంటోంది, వంటింట్లో కళ ఉండాలని. మా ఆవిడకి తెలుపు కావాలి. నాకు ఐవరీ నచ్చింది. షాపులో షేడ్ కార్డు మీద చక్కగా ఉంది, అదే కార్డు తెచ్చి బండ పక్కన పెడితే మాసిపోయినట్టు కనబడింది. రంగు అదే, కార్డు అదే, ఎందుకలా మారిందో తెలియలేదు. పెయింటర్ ఏమో కిచెన్‌కి గ్లాసీ తప్ప ఇంకేం వేసినా జిడ్డు వదలదని గట్టిగా చెబుతున్నాడు. వచ్చే వారం నుంచి రంగు మొదలుపెడతానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

మూడు లాంతర్లు – విజయనగరం

ముందు రెండు సంగతులు చెప్పండి అన్నయ్యా. కిటికీ బయట ఏముంది? వంటగదిలో ఏ లైటు పెట్టారు? ఆ రెండూ తెలియకుండా రంగు పేరు చెప్పడం గుడ్డిగా చెప్పడమే.

అరసవల్లి వాకిలి

కిటికీ బయట పన్నెండడుగుల సందు, దాని అవతల రెండంతస్తుల ఇల్లు. మాకు కనబడే వాళ్ళ గోడకి నారింజ కలిసిన గులాబీ రంగు వేసుకున్నారు. ఆ ఇల్లు అడ్డం కాబట్టి తూర్పు కిటికీ అయినా తొమ్మిది దాటేదాకా మాకు నేరుగా ఎండ పడదు. లైటు తెల్లటి ట్యూబ్, పెట్టె మీద 6500 అని ఉంది.

మూడు లాంతర్లు – విజయనగరం

అదీ సంగతి. మధ్యాహ్నం పొద్దు పడమటికి తిరిగాక ఎండ మీ ఇంటి మీదుగా వెళ్ళి ఆ ఎదురు గోడకి తగులుతుంది. అక్కడి నుంచి గులాబీ వెలుగు మీ వంటింట్లోకి తిరిగొస్తుంది. ఆ రెండు మూడు గంటలు మీ గోడల మీద ఉండేది మీ రంగు ఒక్కటే కాదు, వాళ్ళది కూడా. కాబట్టి పీచ్, గులాబీ ఛాయ ఉన్న ఆఫ్‌వైట్‌ల జోలికి పోవద్దు, మధ్యాహ్నానికి మరీ ఎర్రబడతాయి.

ఇక 6500 కెల్విన్ (వెలుగు రంగు చెప్పే అంకె, పెరిగితే నీలం, తగ్గితే పసుపు) ట్యూబ్ నీలం ఎక్కువున్న వెలుగు. నీలి బండ దాని కింద ఇంకా చల్లగా, కొంచెం స్టీలు రంగుగా కనిపిస్తుంది. 4000 కెల్విన్ లైటు తెచ్చి ఒకసారి వేసి చూడండి. పెట్టె మీద సీఆర్‌ఐ, అంటే ఆ లైటులో రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె, 90 పైన ఉంటే ఇంకా మంచిది. కూర రంగు కూడా సరిగ్గా తెలుస్తుంది, మాడిందా వేగిందా అన్నది అక్కడే తేడా వస్తుంది. రంగు డబ్బా కొనకముందే లైటు మార్చండి. గోడ రంగు తేలాక లైటు మారిస్తే మళ్ళీ మొదటికొస్తుంది.

టెక్కలి బండ – టెక్కలి

బాబూ, రాయి పనిలో ఉన్నవాణ్ని కాబట్టి రాయి వైపు నుంచి చెబుతాను.

మన నీలి గ్రానైట్‌ని దగ్గరగా చూడండి. గట్టు మీద చెయ్యి ఆనించి, అరచెయ్యంత మేర మాత్రమే చూడండి. కింద పరుచుకున్న రంగు ఒకటుంటుంది, దాన్ని మేం నేల అంటాం. దాని మీద గింజ వేరే ఉంటుంది. నేల నీలం కలిసిన బూడిద. గింజలో నల్లటివి ఉంటాయి, పాలలాంటి లేతవి ఉంటాయి, కొన్ని పలకల్లో గోధుమ ఛాయ కూడా తగులుతుంది. చాలామంది ఆ గింజల్లో తమకు నచ్చిన ఒకదాన్ని పట్టుకుని గోడకి అదే రంగు వేయిస్తారు. ఆరడుగుల వెనక్కి జరిగి చూస్తే ఆ గింజ కనబడదు, నేల ఒక్కటే కనబడుతుంది. గోడకి జత కుదరాల్సింది ఆ నేల రంగుతోనే. గింజ రంగు హ్యాండిల్స్‌కో, కుళాయికో వాడుకోవచ్చు.

మీ ఐవరీ ఎందుకు మాసిపోయిందంటారా? కన్ను చేసే పని అది. నీలం పక్కన ఏ రంగు పెట్టినా కన్ను దాన్ని పసుపు వైపు లాగుతుంది. ఐవరీలో ముందే పసుపు ఉంది, పక్కన నీలి రాయి చేరేసరికి అది రెట్టింపు అయింది. షాపులో ఆ కార్డు తెల్లటి కౌంటర్ మీద ఉండి ఉంటుంది. అమ్మగారి లేత పసుపుదీ అదే కథ. కార్డులో లేతగా ఉన్నది మీ గట్టు పైన బాగా పచ్చబడుతుంది. అచ్చమైన తెలుపు వేస్తే ఇంకో ఇబ్బంది, రాయి డల్‌గా కనిపిస్తుంది. తెలుపులో చిటికెడు పసుపు, చిటికెడు బూడిద కలిసినవి ఉంటాయి, అవి మీ రాయికి సరిపోతాయి.

ఇంకోమాట. నీలి బండ అని ఒకే పేరు పెట్టి అమ్ముతాం గానీ క్వారీ మారితే రంగు మారుతుంది, ఒక్కోసారి ఒకే క్వారీలో బ్లాకు మారినా మారుతుంది. అందుకని ఎవరో ఫొటోలో నీలి గ్రానైట్‌కి ఫలానా రంగు వేశారు, బాగుంది, మనమూ వేద్దాం అనుకోవద్దు. మీ పలక కోసినప్పుడు మిగిలిన ముక్క ఉండే ఉంటుంది, సింక్ కోతలో తప్పకుండా మిగులుతుంది. అది పారేయకుండా దాచండి. టైల్స్ షాపుకి, సన్‌మైకా షాపుకి దాన్ని పట్టుకుని వెళ్ళండి. ఫోన్లో ఫొటో చూపించి ఎంచవద్దు.

నరసన్నపేట వంటిల్లు

నేను వంట చేసే మనిషిని, రంగుల శాస్త్రం తెలియదు. రోజూ తుడిచే మనిషిగా చెబుతాను తమ్ముడూ.

గ్లాసీ వేయించుకోవద్దు. మా పాత ఇంట్లో వేశారు. నిజమే, తుడిస్తే పోతుంది. కానీ పాలిష్ బండ మెరుస్తుంది, స్టీలు డబ్బాలు మెరుస్తాయి, టైల్స్ మెరుస్తాయి, వాటి పైన గోడ కూడా మెరిస్తే రాత్రి లైటు వేసినప్పుడు కళ్ళు లాగేస్తాయి. ట్యూబ్‌లైటు నాలుగు చోట్ల కనబడుతుంది. పైగా గోడకి చిన్న ఎత్తుపల్లం ఉన్నా గ్లాసీలో దాగదు.

అలాగని మామూలు మ్యాట్ వేశారనుకోండి, తాలింపు చిందిన చోట తడిగుడ్డతో రుద్దితే ఆ చోటు నున్నబడి మెరుస్తుంది, చుట్టూ మెరవదు. మరక పోయినా రుద్దిన గుర్తు ఉండిపోతుంది. చేపలు వేయించే ఇల్లయితే ఆ ఇబ్బంది రోజూ ఉండేదే. ఇప్పుడు మాకు శాటిన్ ఉంది, గ్లాసీకీ మ్యాట్‌కీ మధ్యరకం మెరుపు. వెలుగు మీద పడినా కళ్ళకి తగలదు, గోరువెచ్చటి నీళ్ళలో కాస్త గిన్నెల సబ్బు వేసి తుడిస్తే జిడ్డు వచ్చేస్తుంది.

పసుపు మరక గురించి ఒకటి. పడగానే తుడిచేయాలి. ఆరిపోయి గోడ పీల్చుకుందంటే సబ్బుతో పోదు. కిటికీ ఎండ తగిలే చోటైతే ఆ పసుపు మెల్లగా తనంతటతానే వెలుస్తుంది, ఎండ తగలని మూలలో అలాగే ఉంటుంది. గట్టు మీద పసుపు పడితే భయం లేదు, పాలిష్ గ్రానైట్ అంత త్వరగా పీల్చదు.

మీ అమ్మగారి మాట పూర్తిగా కాదనకండి. పసుపు ఆవిడకి రంగు ఒక్కటే కాదు కదా. గట్టు ఆనుకోని గోడ ఒకటి ఉంటుంది, సామాన్ల అరలు ఉండే వైపు. అక్కడ ఆవిడ కోరిన పసుపు వేయండి. రాయికి దూరంగా ఉంటే ఆ రంగు ఆ రంగుగానే కనబడుతుంది.

లప్పం పని – విజయనగరం

అక్క చెప్పినదాంట్లో చాలావరకు నిజం. ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు పై రకం ఎమల్షన్లలో (నీళ్ళతో కలిపే గోడ రంగుల్లో) కడగదగిన మ్యాట్ కూడా వస్తోంది, పాత మ్యాట్ లాగా రుద్దితే మెరవదు. ధర ఎక్కువ. గట్టు పైన డాడో టైల్ రెండడుగులు ఉండి, దాని పైన కప్‌బోర్డులు ఉంటే, జిడ్డు నేరుగా తగిలే గోడ మీకు పెద్దగా మిగలదు. అలాంటి ఇళ్ళలో నేను కడిగే మ్యాట్ వేశాను, బాగానే ఉంది. పైన కప్‌బోర్డులు లేకుండా గోడ ఖాళీగా ఉంచితే మాత్రం శాటినే.

మీ పెయింటర్ గ్లాసీ అంటున్నది ఆయిల్ ఎనామిల్ గురించా, గ్లాసీ ఎమల్షన్ గురించా అడగండి. ఎనామిల్ అయితే గోడకి వద్దు. తెలుపు ఎనామిల్ కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చబడుతుంది, వెలుతురు తగలని చోట ఇంకా త్వరగా. మీ నీలి రాయి పక్కన ఆ పచ్చదనం మొదట్లోనే కనబడిపోతుంది. తలుపు చట్రాలకి, గ్రిల్‌కి ఎనామిల్ సరే.

శాటిన్ వేయించాలంటే లప్పం బాగా కుదరాలి. పరీక్ష సులువు. రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ టార్చి గోడకి ఆనించి పక్కవాటుగా వేయండి. అలలు, గీతలు ఉంటే నీడలుగా లేస్తాయి. అక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి, మేస్త్రితో మళ్ళీ లప్పం పట్టించి, ఎమిరీ పేపర్ కొట్టించండి. మీరు వెలుగు పెట్టి చూపిస్తే ఏ పనివాడూ కాదనడు.

ఇప్పుడు రంగు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, ఇది జాగ్రత్తగా వినండి. చిన్న కార్డు చూసి తేల్చకండి. గోడ మీద కూడా నేరుగా పూయకండి, పక్కన ఉన్న ప్రైమర్ తెలుపు కన్నుని తప్పు పట్టిస్తుంది. రెండడుగుల మందపాటి అట్ట తీసుకుని రోలర్‌తో రెండు కోట్లు వేయండి, అంచుల దాకా వేయండి. తడి మీద చూసి బాగుందనో బాలేదనో అనొద్దు, ఎమల్షన్ ఆరాక ఒక పిసరు ముదురుతుంది. ఆరాక ఆ అట్టని గట్టు వెనక గోడకి నిలబెట్టండి. రాయి పడుకుని ఉండాలి, రంగు నిలబడి ఉండాలి. చాలామంది రాయి ముక్కనీ కార్డునీ రెండూ నేల మీద పక్కపక్కన పెట్టి చూస్తారు. ఇంట్లో అవి అలా ఉండవు కదా. గట్టు మీద పైనుంచి వెలుగు పడుతుంది, గోడకి పక్క నుంచి తగులుతుంది, ఆ తేడా చాలా ఉంటుంది. పొద్దున ఒకసారి, మూడింటికి ఒకసారి, రాత్రి లైటులో ఒకసారి చూడండి. గది మొత్తం వేశాక రంగు అట్ట మీదకన్నా ఘాటుగా అనిపిస్తుంది, అందుకే రెండిటి మధ్య ఊగితే లేతదే తీసుకోండి.

వరస కూడా చెప్పేస్తాను. రాయి కోతలు అన్నీ అయ్యాక మొదటి కోటు. ఆ తరవాత టైల్స్, కార్పెంటర్ పని. చివరి కోటు అందరూ వెళ్ళాకే. లేదంటే కార్పెంటర్ చేతి ముద్రలకి టచప్ వేయాలి, శాటిన్‌లో టచప్ ఎప్పుడూ అతుకులా కనబడుతుంది. సీలింగ్‌కి మాత్రం మ్యాటే, ఫంగస్ పట్టనిది.

గంట స్తంభం – విజయనగరం

నాది వేరే అభిప్రాయం. అందరూ ఆఫ్‌వైట్, ఆఫ్‌వైట్ అంటూ ఇళ్ళన్నీ ఒకేలా చేసేస్తున్నారు. మా ఇంట్లో చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. నల్లటి నేలలో బంగారు చుక్కలు. ఆ చుక్కలు వెచ్చటి రంగు కాబట్టి కింది కప్‌బోర్డులకి ముదురు ఆకుపచ్చ మ్యాట్ సన్‌మైకా, ఇత్తడి హ్యాండిల్స్ పెట్టాం. గోడ మాత్రం మీగడ రంగు. చాలా అందంగా ఉంది, చూసినవాళ్ళంతా ఆగి చూస్తారు.

నల్ల రాయి శనికి సంబంధించినదని మా పెద్దవాళ్ళు మొదట వద్దన్నారు. పొయ్యి కింద మాత్రం నలుపు వద్దని మా మావయ్యగారు పట్టుబట్టారు. ఆయన మనసు కష్టపెట్టడం ఇష్టం లేక స్టవ్ కింద అదే మందంలో బూడిద రంగు పలక వేయించాం. ఆ అతుకు దగ్గర రాయి మేస్త్రి చాలా జాగ్రత్తగా చేశాడు, వేరుగా పెట్టినట్టే ఉండదు.

మీకు కూడా చెప్పేదొకటే, రంగుకి భయపడకండి. నీలి బండ కింద ముదురు నీలం కప్‌బోర్డులు పెట్టి చూడండి.

టెక్కలి బండ – టెక్కలి

గంట స్తంభం గారూ, మీ గెలాక్సీకి ఆకుపచ్చ బాగా కుదిరింది, కాదనను. నల్ల రాయి ఏ రంగునైనా మోస్తుంది. నీలి బండ అలా కాదు. దాని కిందే ముదురు నీలం పెడితే రాయిలో ఉన్న నీలం చచ్చిపోయి వట్టి బూడిదగా మిగులుతుంది. రాయి నీలంగా కనబడాలంటే పక్కన నీలం లేకుండా చూడాలి. చెక్క రంగు పెట్టండి, టేకు ఛాయ కాస్త లేతది. అప్పుడు చూడండి రాయి ఎలా లేస్తుందో.

గెలాక్సీ, నలుపు రాళ్ళు కొనేవాళ్ళకి ఒక హెచ్చరిక. తక్కువ రకం బూడిద రాయికి రంగు పట్టించి నలుపని అమ్మేవాళ్ళు ఉన్నారు. తెల్లగుడ్డ మీద గోళ్ళ రంగు తుడిచే అసిటోన్ వేసి రాయిని గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే ఆ పలక వద్దు.

బొబ్బిలి కోడలు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మాది కడప బండ, అత్తగారి కాలం నాటిది. నిమ్మకాయ పిండిన చోట తెల్లటి మచ్చలు పడ్డాయి. గ్రానైట్‌కి కూడా అలా అవుతుందా? లేకపోతే ఈ క్వార్ట్జ్ పలకలు తీసుకోవాలా? గోడలకి రంగు కూడా మార్చాలనుకుంటున్నాం.

టెక్కలి బండ – టెక్కలి

కడప బండ సున్నపురాయి అమ్మా. నిమ్మరసం, చింతపండు పులుసు దాన్ని తింటాయి. ఆ తెల్ల మచ్చ మరక కాదు, అక్కడ రాయి పై పొర పోయింది. తుడిస్తే రాదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. పాలరాయి కూడా ఆ జాతే. గ్రానైట్‌కి పులుపు భయం లేదు. లేత రంగు గ్రానైట్ అయితే నూనె పీల్చే అవకాశం ఉంది. పలక మీద నాలుగు నీటి బొట్లు వేసి పావుగంట ఆగండి. తుడిచాక కింద తడి మచ్చ కనబడితే సీలర్, అంటే రాయి పీల్చకుండా ఆపే పూత, పట్టించుకోవాలి.

రాజాం టు మెల్‌బోర్న్

క్వార్ట్జ్ అనగానే రాయాలనిపించింది. నేనుండే ఆస్ట్రేలియాలో ఆ ఇంజనీర్డ్ (రాతి పొడిని జిగురుతో కలిపి ఫ్యాక్టరీలో చేసే) పలకల తయారీ, సరఫరా, బిగించడం 2024 జూలై 1 నుంచి నిషేధించారు. కారణం వాడేవాళ్ళకి హాని అని కాదు, కోసే పనివాళ్ళకి. ఆ పలకల్లో సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) 90 శాతం పైన ఉండేవి కూడా ఉన్నాయి. పొడిగా కోస్తే లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తుంది. చిన్న వయసు కుర్రాళ్ళు మంచాన పడ్డారు. గ్రానైట్‌లోనూ సిలికా ఉంది, అంత కాదు గానీ ఉంది. ఊళ్ళో మన ఇంటి ముందు గుమ్మంలోనే రాయి కోస్తారు కదా, దయచేసి నీళ్ళు పోస్తూ కోయమనండి, మాస్కులు మీరే కొనివ్వండి. ఇల్లు మనదే, ఆ దుమ్ము పీల్చేది మాత్రం ఆ కుర్రాడు.

రంగు విషయానికి వస్తే, ఇక్కడ రంగు డబ్బాల కంపెనీలు ప్రతి షేడ్‌కీ ఒక అంకె ఇస్తాయి, ఎల్ఆర్‌వీ అంటారు. తగిలిన వెలుగులో ఎంత తిరిగి పంపుతుందో ఆ అంకె చెబుతుంది. సున్నా అంటే కారు నలుపు, 100 అంటే స్వచ్ఛమైన తెలుపు. మన దేశంలో కూడా షేడ్ వివరాల్లో దొరుకుతుంది, షాపువాళ్ళని అడగండి. అరసవల్లి అన్నయ్యది ఒకే కిటికీ, అదీ ఎదురిల్లు అడ్డమున్నది, పైగా రాయి ముదురు. గోడకి 70కి తగ్గకుండా చూసుకుంటే పగలు లైటు వేయకుండా వంట అవుతుంది. ఇంకా ముదురు రంగు కావాలనిపిస్తే కింది కప్‌బోర్డులకే పరిమితం చేయండి. పై కప్‌బోర్డులు కళ్ళ ఎత్తులో ఉంటాయి కాబట్టి గోడ రంగుకి దగ్గరగా ఉంచితే గది పెద్దగా అనిపిస్తుంది.

అరసవల్లి వాకిలి

అందరికీ ఎంత చెప్పినా తక్కువే. చెప్పినవన్నీ చేసి చూశాం, ఏం జరిగిందో వివరంగా రాస్తున్నాను, నాలాగే వెతికేవాళ్ళకి పనికొస్తుంది.

ముందు లైటు మార్చాం. 4000 లైటు వేయగానే రాయిలో లేత గింజ కనబడటం మొదలైంది, అంతకుముందు రాత్రిపూట గట్టంతా ఒకే ముద్దగా ఉండేది. తరవాత మూడు అట్టలకి రంగు వేశాం. ఒకటి అమ్మ కోరిన పసుపు, ఒకటి మా ఆవిడ కోరిన తెలుపు, మూడోది టెక్కలి బండ గారు చెప్పినట్టు తెలుపులో కొద్దిగా పసుపూ బూడిదా కలిసినది. మూడింటినీ గట్టు వెనక నిలబెట్టాం.

పొద్దున తెలుపు చాలా బాగుంది. మధ్యాహ్నం రెండు దాటాక మూడు లాంతర్లు గారు చెప్పిందే జరిగింది. ఎదురు గోడ మీద ఎండ పడగానే తెలుపు అట్ట లేత గులాబీ అయిపోయింది, మా ఆవిడే గుర్తుపట్టింది. పసుపు అట్ట అదే సమయానికి మామిడిపండు రంగుకి తిరిగింది. మూడోదాని మీద కూడా ఆ వెలుగు పడింది గానీ అందులో ఉన్న బూడిద దాన్ని తొక్కిపట్టింది, కాస్త వెచ్చబడిందంతే. రాత్రి లైటులో కూడా అది కుదురుగా ఉంది. అమ్మ కుర్చీ వేసుకుని కూర్చుని చాలాసేపు చూసి, గట్టు పైన మూడోదే వేయండి, నా పసుపు సామాన్ల గోడకి వేయండి అంది. నరసన్నపేట అక్కా, మీ మాట వల్లే అది తేలింది.

టార్చి పరీక్షలో కిటికీ పక్కన రెండు అలలు దొరికాయి. పెయింటర్ ఏమీ అనుకోకుండా మళ్ళీ పట్టాడు. ఆయన చెప్పిన గ్లాసీ ఎనామిలే. పచ్చబడే సంగతి వివరంగా మాట్లాడాక శాటిన్‌కి ఒప్పుకున్నాడు.

మిగిలింది డాడో టైల్. రాయి ముక్క పట్టుకుని షాపుకి వెళితే పూలవి, గళ్ళవి చాలా చూపించారు. మా ఆవిడకి అలల్లాంటి గరుకు టైల్ నచ్చింది. ఏం చేయమంటారు?

నరసన్నపేట వంటిల్లు

గరుకు టైల్ చేత్తో తాకడానికి బాగుంటుంది, స్టవ్ వెనక మాత్రం వద్దని మరదలికి చెప్పు తమ్ముడూ. ఆ గుంటల్లో నూనె చేరితే బ్రష్ పెట్టి కడగాలి, అదీ ప్రతివారం. అంతగా నచ్చితే సింక్ వైపు గానీ భోజనాల గోడకి గానీ వేయించండి. స్టవ్ వెనక సాదా టైల్, లేత రంగు, మరీ అద్దంలా కాకుండా నున్నగా ఉన్నది. రాయిలోనే గింజలు ఉన్నాయి, టైల్‌లో పూలు కూడా ఉంటే చూపు ఎక్కడా నిలవదు.

మూడు లాంతర్లు – విజయనగరం

టైల్ ఏదైనా గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) రంగు మరిచిపోకండి. తెల్ల గ్రౌట్ మన వంటలకి నిలవదు, పసుపు, కారం పట్టి నెలల్లో గీతలు గీతలుగా మారుతుంది. ఎపాక్సీ గ్రౌట్ వేయించండి, అది మరక పీల్చదు. రంగు మీ రాయి నేలకి దగ్గరగా లేత బూడిద ఎంచండి, అప్పుడు గట్టుకీ గోడకీ వంతెన దొరుకుతుంది. రాయికీ టైల్‌కీ మధ్య సందులో వేసే సిలికాన్ కూడా తెలుపు వద్దు, బూడిదే తెమ్మనండి. షాపులో అడగకపోతే తెలుపు చేతిలో పెడతారు.

అరసవల్లి వాకిలి

మా ఆవిడ చదివింది. గరుకు టైల్ భోజనాల గోడకి, స్టవ్ వెనక సాదాది అని తేల్చుకున్నాం. కింది కప్‌బోర్డులకి లేత టేకు ఛాయ మ్యాట్, పైవాటికి గోడ రంగే. అక్కడ కూడా రాయి ముక్క పట్టుకెళ్ళాం. ఫోన్లో ఒకేలా కనబడ్డ రెండు టేకు ఛాయల్లో ఒకటి రాయి పక్కన ఎర్రగా తిరిగింది, అది వదిలేశాం.

లప్పం పని – విజయనగరం

మంచి పని చేశారు. ఇంకో రెండు మాటలు. శాటిన్ రెండు కోట్లకి లీటరుకి సుమారు 120 చదరపు అడుగులు లెక్కేసుకోండి, డబ్బా మీద ఇంకా ఎక్కువ రాసి ఉన్నా అంతే వేసుకోండి. గది మొత్తానికి కావాల్సినది ఒకేసారి కలిపించండి. మెషీన్లో కలిపినా రెండోసారి తెచ్చిన డబ్బా ఒక వెంట్రుకవాసి తేడా రావచ్చు, వేరువేరు డబ్బాలు తప్పనిసరైతే అన్నీ ఒక బకెట్‌లో పోసి కలిపాకే వేయమనండి. షేడ్ కోడ్, బ్యాచ్ నంబరు ఫొటో తీసి పెట్టుకోండి. ఒక అర లీటరు గాలి తగలకుండా మూతపెట్టి నీడలో ఉంచండి.

తడి గురించి కూడా. మన తీరంలో గాలిలో చెమ్మ ఎక్కువ. 2018లో తిత్లీ తుపాను వచ్చాక పలాస వైపు పనికి వెళితే, తడి ఆరకముందే రంగు వేసిన గోడలు బుడగలు లేచి పొరలుగా ఊడటం చూశాను. మీ దక్షిణం గోడ కింది వైపు చెయ్యి పెట్టి చూడండి. చల్లగా, చెమ్మగా తగిలితే చివరి కోటు ఆపండి, ఆరనివ్వండి. పెయింటర్ తొందరపెట్టినా ఆపండి.

అరసవల్లి వాకిలి

చూశాను. దక్షిణం గోడ సింక్ కింద మూల కొద్దిగా చల్లగానే ఉంది. ప్లంబర్ని పిలిపిస్తే పైపు జాయింటు దగ్గర సన్నగా కారుతోందని తేలింది, సరిచేశాడు. ఆ గోడ ఆరేదాకా చివరి కోటు ఆపమని పెయింటర్‌కి చెప్పాం, ఈలోగా హాలు పని చేస్తానన్నాడు. సామాన్ల గోడకి అమ్మ పసుపు మాత్రం మొదటి కోటు పడింది. ఆవిడ కోరిన షేడ్‌లో ఒక మెట్టు లేతది తీసుకున్నాం.

బొబ్బిలి కోడలు

నాకూ చాలా పనికొచ్చింది ఈ చర్చ. క్వార్ట్జ్ ఆలోచన మానుకున్నాం. ఆదివారం టెక్కలి వైపు పలకలు చూడటానికి వెళుతున్నాం, తెల్లగుడ్డ, అసిటోన్, నీళ్ళ సీసా పట్టుకుని. టెక్కలి బండ గారూ, ఒకే బ్లాకు పలకలని ఎలా గుర్తుపట్టాలి?

టెక్కలి బండ – టెక్కలి

కోసిన వరసలో పలకలకి అంచు మీద నంబర్లు రాసి నిలబెడతారమ్మా. పక్కపక్క నంబర్లున్నవి అడగండి. రెండిటినీ ఎండలోకి లాగించి, నీళ్ళు చల్లించి, పక్కపక్కన చూడండి. తడి మీద తేడా బాగా బయటపడుతుంది. ఆ తరవాత ఆరాక ఇంకోసారి చూసి, కోయకముందే అంచు మీద మీ పేరు రాయించండి.